సులేమా పేరున్న ఈగ

కూలిపోయిన బొప్పాయి మొద్దు ముందు ఎల్వీరా లెదెస్మా మోకాళ్ల మీద కూర్చుని అప్పటికే చాలాసేపయింది. చెరకు కోతల ఆఖరి రోజులవి. తోటలు తగలబెట్టిన మసి ఆకాశం నుంచి నల్లగా రాలి ఆమె జుట్టు మీదా భుజాల మీదా పడుతోంది. ఆ నెలల్లో దక్షిణ అమెరికాలోని తుకుమాన్‌లో తెల్లబట్టలు ఆరుబయట ఆరేసే ఇల్లాలు ఉండదు. ఎల్వీరా తెల్లచొక్కాయే వేసుకుని వచ్చింది గాని ఆ సంగతే మరిచిపోయింది. ఆమె చూపంతా కుళ్లిన మొద్దు మీద నిలబడ్డ రెండు ఈగల మీదే ఉంది.

మగది పెద్దది. బారెడు కాళ్లు, ముందు తొడల మీద ముళ్ల వరస, ముందుకు సాగిన తల. ఆడది అందులో సగం కూడా లేదు. బెరడు చీలికలోకి తోక దూర్చి గుడ్లు పెడుతోంది. మగది దాని మీద గొడుగు పట్టినట్టు కాళ్లన్నీ చాపి నిలబడింది. పక్కనుంచి ఇంకో మగది వస్తే ముందుకాళ్లతో నెట్టేసి మళ్లీ వచ్చి అలాగే నిలబడింది.

"వద్దర్రా," అంది ఎల్వీరా పైకే. "మీరిద్దరూ మాత్రం వద్దు."

ఆమె ఏడ్చినా మొత్తుకున్నా ఈగలకి పట్టదు. మగది ఒక జాతి, ఆడది వేరొక జాతి అని లోకమంతా అనుకుంటోంది. మగదానికి పేరుపెట్టి వందేళ్లు దాటింది. వియన్నా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పరాగ్వేలో పట్టుకుని, కాళ్ల పొడవు చూసి మురిసిపోయి ఆ పేరు పెట్టాడు. ఆడది మాత్రం మొదట దొరికింది ఈ ఊళ్లోనే. దానికి పేరు పెట్టింది ఎల్వీరా గురువుగారు, డాక్టర్ బసీలియో కిరోగా. ఆయన కూతురు పేరు సులేమా. సైనికుల రాజ్యంలో, ఇరవై ఏళ్ల పిల్లని, రొట్టెల దుకాణం ముందు కారులోకి ఈడ్చుకుపోయారు. తిరిగి రాలేదు. శవమూ రాలేదు. ఆ పేరు పైకి అనడానికే ఊరు వణికిన రోజుల్లో, పత్రికలు నోరు కట్టేసుకున్న రోజుల్లో, ఆయన దాన్ని ఒక ఈగకి పెట్టి అచ్చు వేయించాడు. కీటకాల వ్యాసాలు చదివి అనుమానపడేంత చదువు సైనికులకి లేదు. ఎల్వీరా పనిచేసే కీటకాల ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు చెప్పే కథ ఇదే. ఎల్వీరా తనే ఎంతోమందికి చెప్పింది.

ఒక ప్రాణికి ఒకటే పేరు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. మొద్దు మీది ఆలుమగలు ఒకే జాతి అయితే వియన్నా పెద్దమనిషి పెట్టిన పేరు ఉంటుంది, సులేమా పేరు పోతుంది. ఆ రకం ఈగలన్నిటి వివరాలూ తిరగరాసే పని ఎల్వీరాది. పోగొట్టాల్సింది ఆమే.

జేబులోంచి సీసా తీసింది. ఒక్క ఊపుతో రెండింటినీ మూత కింద బంధించింది. సీసా గోడకి ఆనుకుని కూడా మగది ఆడదాని మీద నుంచి కాళ్లు తియ్యలేదు.

"ఏంటి, మొహం అలా వేలాడేశావ్? ఈగ గాని కరిచిందా?" అన్నాడు ఫాబియాన్ తొకొనాస్, ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టగానే. జన్యుపరీక్షల గది అతనిది. హుహుయ్ కొండల మనిషి. పొద్దున బుగ్గన పెట్టిన కోకా ఆకు సాయంత్రానికి గాని ఉమ్మడు.

ఎల్వీరా సీసా బల్ల మీద పెట్టింది. అతను పైకెత్తి వెలుగులో చూశాడు.

"ఇద్దర్నీ ఒకేచోట పట్టావా?"

"ఒకదాని కింద ఒకటి. గుడ్లు పెడుతుంటే."

ఫాబియాన్ ఈల వేశాడు. "ఇన్నేళ్లూ పెళ్లికాని పిల్లనుకున్నాం. చూడు, మొగుణ్ణి చూసుకుని చక్కగా కాపురం చేసుకుంటోంది!" అని నవ్వబోయి, అది ఎవరి పేరో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "నోరు జారింది, ఎల్వీరా. నీ మీద ఒట్టు, మరిచేపోయాను."

"వేరే జాతి మగదే పొరపాటున ఎక్కి ఉండొచ్చుగా."

"ఉండొచ్చు. గుడ్లు పెట్టేదాకా కాపలా కాసింది కూడా పొరపాటేనా?"

పొరపాటున ఎక్కే ఈగలుంటాయని ఇద్దరికీ తెలుసు. అలా కాపలా కాయవనీ తెలుసు. ఫాబియాన్ రెండు ఈగలకీ చెరో వెనక కాలు తుంచి చిన్న గొట్టాల్లో వేసుకున్నాడు. మిగిలింది ఎల్వీరా పని. ఆడదాని తోక కొన కోసి పొటాష్ నీళ్లలో మరిగించింది. కండంతా కరిగిపోయి లోపలి గట్టిభాగాలు తేలాయి. వాటిని గ్లిసరిన్ చుక్కలో పరిచి, గురువుగారు ముప్ఫై ఏళ్ల కిందట గీసిన బొమ్మ పక్కన పెట్టి చూసింది. ఆయన గీత ఎంత నిఖార్సయినదో! వంపుకి వంపు సరిపోయింది. ఇది సులేమా ఈగే, అనుమానం లేదు. ఇక తేలాల్సింది దాని మగడి సంగతే.

మర్నాడు అదీ తేలింది. ఫాబియాన్ గుమ్మంలో నిలబడి తల ఊపాడు. ఈసారి వేళాకోళం లేదు.

"ఒకటే జాతి. సాల్తాలో పట్టినవాటితో కూడా పోల్చాను. ఒక్క గీతైనా తేడా లేదు."

"సరే," అంది ఎల్వీరా.

అతను కుర్చీ లాక్కుని తిరగేసి కూర్చున్నాడు. "నా మాట విను. 'ఇంకా నమూనాలు కావాలి' అని ఓ ముక్క రాసి వదిలెయ్. ఈ ఈగ గురించి పట్టించుకునేవాళ్లు లోకం మొత్తమ్మీద ఒక్క భోజనబల్ల చుట్టూ సరిపోతారు. మీ గురువుగారి భార్య దోన్యా ఎర్నెస్టీనాకి ఎనభై దాటాయి. ఆవిడ పోయాక తీరిగ్గా రాసుకో. ఈగలెక్కడికి పోతాయి?"

"అంటే ఆవిడ ఎప్పుడు పోతుందా అని కూర్చోమంటావా?"

"నేనేం చంపమన్లేదమ్మా తల్లీ," అని అతను లేచి వెళ్లిపోయాడు. కాని ఆ మాట మాత్రం గదిలోనే ఉండిపోయింది. మంచి మాటే మరి. జాలిగల మాట. ఎల్వీరాకి అంతకుముందే తోచిన మాట.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె నమూనాల గదిలోకి వెళ్లింది. నాఫ్తలీన్ వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. మూడో అలమారా, కింది సొరుగు. దాని ముందు నిలబడగానే ఎప్పట్లాగే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. గురువుగారు బతికున్నప్పుడు సరిగ్గా వెనకున్న బల్ల దగ్గరే కూర్చునేవాడు. ఎల్వీరా వెనక్కి తిరగలేదు. దయ్యాలంటే నమ్మకం లేదు గాని, తిరిగి చూసి లేవని తేల్చుకునే ధైర్యం కూడా ఆ గదిలో ఎవరికీ ఉండదు.

సొరుగు లాగింది. సూదులకి గుచ్చిన సులేమా ఈగలు, అన్నీ ఆడవే, వరసలుగా ఉన్నాయి, కాళ్లు మడిచి, అన్నీ ఒకే వైపు చూస్తూ. ఒకే జాతివి ఒకే పెట్టెలో ఉండాలి గనక, పక్కన మగవాటి పెట్టె పెట్టుకుని, వేళ్లతో సూది నడుం పట్టి, మొదటిదాన్ని మెల్లగా పైకి లాగింది. నురుగు అట్టలోంచి చిన్న చప్పుడుతో వచ్చింది. దాన్ని మగవాటి పెట్టెలో గుచ్చింది. రెండోది. మూడోది. అలా ఒక వరస ఖాళీ అయింది. వరసంతా చిన్నచిన్న కన్నాలు మిగిలాయి.

ఆ కన్నాలు చూసేసరికి ఎల్వీరా ఆగిపోయింది. ఒక పిల్లని ఒకసారి కారులోకి ఈడ్చుకుపోయారు. ఇప్పుడు తను శాస్త్రం పేరు చెప్పి, చేతులకి మట్టి అంటకుండా, రెండోసారి తీసుకుపోతోంది. గబగబా ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి పాత కన్నాల్లోనే గుచ్చింది. కంగారులో ఒకదాని కాలు విరిగింది. విరిగిన కాలుని చిన్న అట్ట మీద జిగురుతో అంటించి అదే సూదికి గుచ్చి, సొరుగు మూసి, తాళం కూడా వెయ్యకుండా బయటపడింది.

శనివారం దోన్యా ఎర్నెస్టీనా ఇంటికి వెళ్లింది, చెప్పేద్దామనే. ముసలావిడ వంటింట్లో మాతే ఆకుల కషాయం కలుపుతోంది. పక్కన పళ్లెంలో జున్నుముక్కల మీద చెరకు పానకం పోసి పెట్టింది. ఎల్వీరా వచ్చే రోజున ఆ పళ్లెం తప్పదు.

"కూర్చో. చిక్కిపోయావ్. ఈగలు తినేస్తున్నాయా ఏంటి నిన్ను?"

"మీరు బానే ఉన్నారా, దోన్యా ఎర్నెస్టీనా?"

"ఉన్నాను. చావు నా ఇల్లు మరిచిపోయినట్టుంది. పోనీలే, గుర్తుచెయ్యకు."

పొయ్యి పక్క గోడకి దక్షిణ అమెరికా పటం ఉంది, పొగకి పసుపెక్కి. సులేమా ఈగ దొరికిన ప్రతి చోటా ఎర్రని ఉన్నిముడి ఉన్న గుండుసూది. మొదటి సూది గురువుగారు గుచ్చాడు. ఆయన పోయాక ఆవిడ. కొత్తచోట దొరికిందని కబురు తెచ్చేది ఎల్వీరాయే. తెచ్చిన రోజు పండగలా ఉండేది. ఊరు దాటి ఎరగని పిల్ల సాల్తా చేరింది, హుహుయ్ చేరింది, సరిహద్దు దాటి బొలీవియాలో తారిహా చేరింది. ఇంటికి మాత్రం చేరలేదు.

మాతే నింపిన సొరకాయ బుర్ర చేతికి వచ్చింది. ఎల్వీరా గొట్టంతో పీల్చింది. నోరు కాలింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. పటం వైపు చూసింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"పెరూ నుంచి ఒకటి వచ్చిందండీ," అంది. అబద్ధం కాదు. కిందటి నెలలోనే వచ్చింది. చెప్పడానికి వచ్చింది అది కాదు, అంతే.

"పెరూ?" దోన్యా ఎర్నెస్టీనా కళ్లజోడు పెట్టుకుంది. "ఇన్నాళ్లు బొలీవియాలోనే కూర్చుంది, బద్ధకప్పిల్ల. ఎక్కడ గుచ్చను?"

ఎల్వీరా వేలితో చూపించింది. ముసలావిడ మునివేళ్ల మీద లేచి, సూది గుచ్చి, ఒకడుగు వెనక్కి వేసి చూసింది.

"ఇదీ ఆడదేనా?"

"ఆడదేనండీ."

"ఎప్పుడూ ఆడవే. ఇన్ని దేశాలు తిరిగింది, దానికి ఒక్క మగాడైనా ఎదురుపడలేదా?"

మగవి అరుదుగా దొరుకుతాయనీ, వెతుకుతున్నామనీ ఎల్వీరా ఏదో గొణిగింది. దోన్యా ఎర్నెస్టీనా ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా, మాతే బుర్రలో మళ్లీ వేణ్నీళ్లు పోసింది.

ఇంటికి నడుస్తుంటే ఎల్వీరాకి తన మీద తనకే రోత పుట్టింది. చెప్పకపోతే ఏముంది, ఫాబియాన్ చెప్పినట్టు ఒక వాక్యంతో సరిపోతుంది. కాని ఇకమీదట తను ఆ వంటింటికి తీసుకెళ్లే ప్రతి కబురూ తెలిసి తెలిసి ఆడే అబద్ధమే. ఆ ముసలావిడ మునివేళ్ల మీద లేచి అబద్ధాన్ని గోడకి గుచ్చుకుంటుంది. రాస్తే ఆవిడ బిడ్డని లాక్కున్నట్టు, రాయకపోతే ఆవిడని ఆడించినట్టు. ఆ రాత్రి నిద్రపట్టక ఆదివారం చర్చిగంట మోగకముందే మళ్లీ బయల్దేరింది.

దోన్యా ఎర్నెస్టీనా పెరటి గుమ్మంలోనే ఉంది. చేతిలో చిన్న పీట.

"వస్తావని తెలుసు. నిన్న నోరు కుట్టేసుకుని వెళ్లావుగా. ఇంట్లోకొద్దు, ఇటు రా."

"దోన్యా ఎర్నెస్టీనా, నేనొకటి చెప్పాలి. నిన్ననే చెప్పాల్సింది..."

"నడువు ముందు."

పెరటిగోడ వెంబడి బొప్పాయి చెట్లు. మొన్నటి గాలివానకి ఒకటి పడిపోయి, మొద్దు మెత్తబడి, తేనెరంగు నీరు కారుతోంది. అక్కడో కుర్చీ ముందే వేసి ఉంది. ముసలావిడ పీట ఎల్వీరా కాళ్ల దగ్గర పడేసి, తను కుర్చీలో కూలబడి, చేతికర్రతో మొద్దుని చూపించింది.

"నువ్వు చెప్పలేకపోతున్నది వీళ్ల గురించేనా?"

బెరడు చీలిక దగ్గర చిన్న ఆడది. దాని మీద కాళ్లు చాపి మగది.

ఎల్వీరా పీట మీద కాదు, నేల మీదే చతికిలబడింది.

"మీకు తెలుసా?"

"ఏ ఏటికాయేడు చూస్తూనే ఉన్నా."

"మరి గురువుగారు..."

"ఆయనా చూశాడు. ఈ గోడ పక్కనే, అప్పుడున్న చెట్టు దగ్గర. వ్యాసం అప్పటికింకా అచ్చుకి పంపలేదు. చేతిలో సీసా ఉంది, పట్టలేదు. నా వైపు తిరిగి, 'నువ్వేం చూళ్లేదు, ఎర్నెస్టీనా' అన్నాడు."

ఈగ రెక్కమీది గీత ఒకటి తప్పు గీసిందని ఎల్వీరా చేత పదిసార్లు బొమ్మ తిరగ గీయించిన మనిషి. తెలిసి తప్పు రాశాడా?

"అమ్మాయి కోసమే కదా," అంది చివరికి. "ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని. అంతకన్నా ఏం చెయ్యగలిగేవారు అప్పుడు?"

దోన్యా ఎర్నెస్టీనా చేతికర్ర మీద గడ్డం ఆనించింది. "నీకూ అదే కథ చెప్పారు. అందరికీ అదే చెప్పారు. నాతోపాటు ఆయన ఒకే ఒక్కసారి వచ్చాడు, ఠాణా గేటు దగ్గరికి. నేను రోజూ వెళ్లేదాన్ని. ఆ రోజు గేటు దగ్గరున్నవాడు నన్నొదిలి ఆయన్నడిగాడు, 'సులేమా కిరోగా నీకేమవుతుంది?' అని. ఈయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, 'నాకెవరూ కాదండీ, మా ఆవిడకి మతి సరిగ్గా లేదు, ఇంటికి తీసుకుపోతా' అన్నాడు. నా చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. దారంతా ఒక్క మాట లేదు."

గోడవతల ఎవరిదో రేడియో కూస్తోంది. ఎల్వీరా చెవులు మూసుకోవాలనుకుంది, మూసుకోలేకపోయింది.

"భయపడ్డారు, దోన్యా. ఆ రోజుల్లో ఎవరు భయపడలేదు?"

"నేను మాత్రం భయపడలేదా? భయం తప్పని నేనెప్పుడన్నా! ఇంటికొచ్చి, 'భయమేసింది ఎర్నెస్టీనా, కూతుర్ని కాదన్నాను' అని ఏడిస్తే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. ఒక్కసారి ఏడ్చినా సరిపోయేది. ఏడవలేదు. గేటు దగ్గర పలకలేని పేరు తీసుకెళ్లి ఈగకి పెట్టాడు. పెద్దపెద్దవాళ్లంతా ఇంటికొచ్చి ఆయన చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను కాఫీలిచ్చాను."

"మరి ఆ పటం ఎందుకు ఉంచారు? నేను కబురు తెచ్చినప్పుడల్లా..."

"ఎందుకంటే నేనూ మనిషినే," అని ముసలావిడ కసిరింది. అంతలోనే గొంతు తగ్గింది. "నాకు పాతిపెట్టుకోడానికి పిల్ల గోరు కూడా ఇవ్వలేదు. తారిహాలో ఉందని నువ్వు చెప్పిన రోజు రెండు పూటలు కడుపునిండా తిన్నాను. ఈగేనని తెలుసు, అబద్ధమని తెలుసు, అయినా తిన్నాను. కిందటేడు కనిపించకుండా పోయినవాళ్ల ఎముకలు వెతికేవాళ్లొచ్చి నా రక్తం తీసుకెళ్లారు, తెలుసుగా? ఏదో పాడుబావిలో బయటపడ్డవాటితో సరిచూస్తారట. అప్పట్నుంచి ఆ సూదులు చూస్తే ఒళ్లు మండుతోంది. వాళ్లెవరైనా నా మొహం చూసి జాలేసి, ఎవరి పిల్లదో ఓ ఎముక తెచ్చి, 'ఇదే మీ సులేమా' అని నా ఒళ్లో పెడితే? నేను ముద్దుపెట్టుకుని పాతిపెట్టుకోనా? ఆ ఎముక అసలు తల్లి ఏమైపోవాలి?"

ఎల్వీరా తల వంచుకుంది. జాలితో తను రాయబోయిన వాక్యం గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వూ అదే చెయ్యబోయావ్ నిన్న," అంది దోన్యా ఎర్నెస్టీనా, కోపం లేకుండానే. "పెరూ అట!"

"క్షమించండి."

"క్షమాపణ నాకెందుకు? రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్."

మొద్దు మీద రెండో మగది వచ్చింది. మొదటిది కాళ్లెత్తి తోసేసింది.

"రాస్తే ఆ పేరు ఏమవుతుంది?" ఉన్నట్టుండి అడిగింది ముసలావిడ. "చెరిపేస్తారా?"

"చెరపరండీ. పాత పేరు వేసి, దాని కింద సమానం గుర్తు పెట్టి, మన పేరూ వెయ్యాలి. ఇకముందు ఈ ఈగ చరిత్ర ఎవరు పూర్తిగా రాసినా వెయ్యాల్సిందే, మానడానికి వీల్లేదు. ఆ పేరు ఇంకే దగ్గరి చుట్టపు ఈగకీ పెట్టకూడదు. కాని..."

"ఊఁ, కాని?"

"పేరు ఉంటుంది. ఆ పేరుతో పిలవడానికి ప్రాణి ఉండదు."

దోన్యా ఎర్నెస్టీనా లంగా మీది మడతని అరచేత్తో సాపు చేసింది, మళ్లీ సాపు చేసింది.

"పేరుంది, పిల్ల లేదు," అంది. "నా దగ్గరున్నదీ అదేగా, ఎల్వీ. మీవాళ్లు ఇన్నేళ్లూ తప్పు రాశారు. ఇప్పుడు సరిగ్గా ఉంది."

ఎల్వీరాకి ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దావిడ ముందు ఏడవకూడదని మొహం మోకాళ్లలో దాచుకుంది గాని భుజాలు ఆగలేదు. గురువు కోసం ఏడ్చిందో, ఎప్పుడూ చూడని ఆ పిల్ల కోసం ఏడ్చిందో ఆమెకే తెలియదు. కుర్చీ కిర్రుమంది. దోన్యా ఎర్నెస్టీనా చేతికర్ర పక్కన పారేసి, కుర్చీ కోడు పట్టుకుని, మోకాళ్లు సహకరించకపోయినా మెల్లగా కిందికి దిగింది.

"కొంచెం జరుగు," అని, ఆమె పక్కన నేల మీద కూర్చుంది.